లోపలి కొలత

అక్టోబర్ 8, 1984, సోమవారం

మా ఆయన స్ట్రాటోస్ పెట్టెల కొలతలు రాసుకునే పుస్తకంలో వెనక వైపు నుంచి రాస్తున్నాను. ముందు పేజీల నిండా ఆయన అంకెలు, ఆయన పోయాక నావి. బడి వదిలాక ఉత్తరాలు, కొలతలు తప్ప నేనేమీ రాయలేదు. యాభై ఏళ్ళ వయసులో ఇప్పుడు కలం పట్టడానికి కారణం ఒకటే. శనివారం నేను అబద్ధమాడాను. నిన్న చర్చిలో ఫాదర్ ఆనెస్తిస్ గారికి చెప్పుకుందామంటే నోరు పెగల్లేదు. ఈ ఉదయం ఆయన వోలోస్ పట్టణం బస్సెక్కి వెళ్ళిపోయారు. గురువారం దాకా రారు. అందాకా దీన్ని ఎక్కడో ఒకచోట దించుకోవాలి.

శనివారం మా ఆయన ఎముకలు పైకి తీయించాను. పూడ్చిన మూడేళ్ళకి ఎముకలు తీసి కడిగి కొయ్యపెట్టెలో భద్రపరచడం మా ఆచారం, నేనే ఆలస్యం చేశాను. ఆయన పెట్టె నా చేత్తోనే చేయాలని, మూలలు ఆయన చేసినట్టే రావాలని మొండికేశాను. తవ్వడానికి కింది ఊరి నుంచి ఇద్దరు మనుషుల్ని ఫాదర్ పిలిపించారు. మా ఊళ్ళో తవ్వేవాడు ఇప్పుడు లేడు కదా.

ఎముకలు కడిగే పెద్దమ్మ, పేరు కొందీలో, ఒక్కొక్కటే ద్రాక్షసారాతో కడిగి తెల్లగుడ్డ మీద పెడుతోంది. నేను గిన్నె పట్టుకున్నాను. పుర్రె కడుగుతుండగా ఆమె చెయ్యి ఆగింది.

"ఆగ్లాయా, మీ ఆయనకి బంగారు పన్ను ఉండేదా?"

ఫాదర్ చూస్తున్నారు. తవ్వినవాళ్ళు చూస్తున్నారు.

"ఉండేది," అన్నాను.

ఉండేది కాదు.

అక్టోబర్ 9

ఎందుకలా అన్నానో నిన్నంతా ఆలోచించాను. 'లేదు' అంటే వెనకాల ఇంకో మాట రావాలి, ఆ మాట నా దగ్గర లేదు. 'ఉండేది' అంటే అక్కడితో అయిపోతుంది.

చివరి నెలలో ఆయన వోలోస్ ఆసుపత్రిలో పది రోజులున్నారు. అక్కడ పన్ను కట్టి ఉండొచ్చు. నాకు చెప్పడం మరిచిపోయి ఉండొచ్చు. మందుల మత్తులో ఉండేవారు.

మట్టిలో ఎముక కొంత కుంచించుకుపోతుందని కూడా అంటారు. ఎవరంటారో గుర్తు రావడం లేదు.

పెట్టెలో ఆయన తొడ ఎముక పెట్టాక దాని చివర జానెడుకి కాస్త తక్కువ ఖాళీ మిగిలింది. కదిలితే చప్పుడవుతుందని తెల్లగుడ్డ మడిచి కూరాను. కొందీలో పెద్దమ్మ మూత అందించింది. పన్ను చిన్న గుడ్డలో కట్టి నా చేతిలో పెట్టింది. దేవమాత పటం వెనక దాచాను. ఈ పూట ప్రార్థనకి పటం ముందు నిలబడలేక కిటికీ వైపు తిరిగి చేశాను.

అక్టోబర్ 10

ఈ రోజు ఉపవాసం. పని ముట్టలేదు.

అక్టోబర్ 11, గురువారం

ఫాదర్ రాలేదు. శనివారం వస్తారట.

పని మీదైనా మనసు పెడదామని రంపం తీశాను. ఎముకల పెట్టెకి మేకు కొట్టకూడదన్నది మా మామగారి నాటి పట్టు. ఇనుము తుప్పు పడుతుంది, చనిపోయినవాళ్ళ పక్కన తుప్పు ఉండకూడదని. అందుకే మూలలన్నీ ఏటవాలు కోతలే. పలక చివర సరిగ్గా మూలమట్టంలో సగానికి, నలభై ఐదు డిగ్రీలకి కోయాలి. రెండు సగాలూ కలిసి ఒక మూల. జిగురు ఆరాక ఆ మూలకి అడ్డంగా సన్నటి గాడి కోసి పలుచని చెక్కరేకు దిగేస్తాను. అప్పుడిక మనిషి ఎక్కి నిలబడినా విడిపోదు. ప్రతి కోతలోనూ వెంట్రుకవాసి తేడా ఉందనుకోండి, మొదటి మూడు మూలల్లో కనబడదు. అంతా పోగై నాలుగో మూలలో నోరు తెరుస్తుంది. అక్కడ రంపపు పొట్టు, జిగురు కలిపి పూసేవాళ్ళున్నారు. స్ట్రాటోస్ అలాంటి పెట్టెల్ని వేలితో తట్టి, "దీనికి మూడే మూలలు," అనేవారు.

కొలత దగ్గర ఇంకో చిక్కు. ఏటవాలు కోతలో ఒకే పలకకి రెండు పొడవులు. బయటి అంచున ఎక్కువ, లోపలి అంచున తక్కువ. పెట్టె లోపలి పొడవు, మనిషి ఎత్తుని బట్టి లెక్కకట్టిన తొడ ఎముక కంటే రెండు వేళ్ళు ఎక్కువుండాలి. బయటి అంచు మీద గీత పెట్టి కోశామా, పెట్టె పొట్టిదైపోతుంది. పోయిన మార్చిలో నేను చేసిన తప్పు అదే.

అదేనని అందరూ అన్నారు. నేనూ ఒప్పుకున్నాను.

మా ఊరి ఆస్పసియా భర్త జీసిస్ కోసం చేసిన పెట్టె అది. జీసిస్ దర్జీ, నా భుజం దాటేవాడు కాదు. ఆయనా మా ఆయనా ఒకే వారంలో పోయారు, పక్కపక్కనే పూడ్చారు. ఎముకలు కడిగి పెట్టబోతే తొడ ఎముక పెట్టెలో పట్టలేదు. మూత మూలగా నిలబడింది. ఆస్పసియా అందరి ముందూ అంది, "మీ ఆయనుంటే ఇలా జరిగేదా వదినా? నా మొగుడు బతికుండగా పొట్టివాడని వెక్కిరించారు, చచ్చాక పెట్టెలో కూడా తగ్గించారా?" రెండు రోజుల్లో పెద్ద పెట్టె చేసిచ్చాను. తొందరలో నాలుగో మూల కలవలేదు. పొట్టూ జిగురూ పూశాను.

ఆ మొదటి పెట్టె అటక మీదే ఉంది.

దించాను. లోపలి కొలత తీశాను. నలభై ఆరు సెంటీమీటర్లు. పుస్తకం ముందు వైపు చూశాను. జీసిస్‌కి నేను రాసుకున్నదీ నలభై ఆరే.

నేను తప్పు కోయలేదు.

శనివారం నేను తెల్లగుడ్డ కూరి పెట్టిన ఎముకని ఈ పెట్టెలో పెడితే సరిగ్గా రెండు వేళ్ళు మిగులుతుంది. కొలిచి చూడక్కర్లేదు. ముప్పై ఏళ్ళుగా ఇదే పని.

అక్టోబర్ 12

ప్రభువా, నా మీద దయ చూపు. ఇదొక్కటే వస్తోంది. ఇంకే ప్రార్థనా గుర్తు రావడం లేదు.

అక్టోబర్ 13, శనివారం

ఫాదర్ వచ్చారట. నేను చర్చికి వెళ్ళలేదు. సమాధుల దగ్గరికి వెళ్ళాను.

మొదటి చలికాలం, ఇద్దర్నీ పూడ్చిన మరుసటి నెల, మూడు రోజుల వానకి కింది గోడ కూలింది. గేటు బురదలో పూడిపోయింది. రెండు కొయ్య సిలువలూ పడిపోయాయి. గోతులు తవ్వే ఫోటిస్ అప్పుడు ఆసుపత్రిలో ఉన్నాడు. నేనే సుత్తి తీసుకుని వెళ్ళాను. కింది దారి లేదు కాబట్టి పై దారిన కొండ మీద నుంచి దిగాను. ఆయనది ఎడమ చేతి వైపుదని నాకు బాగా గుర్తు. ఎడమ చేతి వైపు ఆయన సిలువ నిలబెట్టాను. కుడి చేతి వైపు జీసిస్‌ది. రెండూ గట్టిగా దిగేసి, పుణ్యం చేశాననుకుని ఇంటికి వచ్చాను. ఫోటిస్ ఆసుపత్రి నుంచి వచ్చాక, "నువ్వేం కంగారు పడకు మావా, రెండూ నేనే నిలబెట్టేశాను," అని గొప్పగా చెప్పాను.

ఈ రోజు కింది గేటు దగ్గర నిలబడ్డాను. తర్వాత పై దారి ఎక్కి నిలబడ్డాను. మళ్ళీ కిందికి వచ్చాను. నాలుగుసార్లు తిరిగాను.

కింది నుంచి చూస్తే ఎడమ, పై నుంచి చూస్తే కుడి.

మూడేళ్ళు నేను దీపం పెట్టింది జీసిస్‌కి.

అక్టోబర్ 14, ఆదివారం

ఫోటిస్ మీద పడ్డ నింద సంగతి నేనింతవరకు రాయలేదు. రాయకూడదనే రాయలేదు.

జీసిస్ బంగారు పన్ను ఊరందరికీ తెలుసు. అది కనబడాలనే నవ్వేవాడు. మార్చిలో కడిగిన పుర్రెలో పన్ను లేదు. ఉండదు కదా, ఆ పుర్రె మా ఆయనది. ఆ సాయంత్రమే ఆస్పసియా కాఫీ కొట్టు ముందు ఫోటిస్‌ని నిలబెట్టింది.

"ఏం ఫోటిస్, నా మొగుడి పన్ను జేబులో ఉందా, అప్పుడే కరిగించావా? చచ్చినవాడి నోట్లో చెయ్యి పెట్టేటప్పుడు వాడు కొరకలేదా నిన్ను?"

అందరూ నవ్వారు. డెబ్బై ఏళ్ళ మనిషి. స్మశానం తాళాలు చర్చి మెట్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. ఆ రోజు నుంచి చర్చికి రాడు. కాఫీ కొట్టులో ఆయన కూర్చునే కుర్చీ తీసేశారు. పిల్లలు 'పన్ను మావా' అంటారు.

నేనూ ఆయన్ని పలకరించడం మానేశాను. ఎదురుపడితే తల వంచుకుని అవతలి పక్కకి నడిచాను. దొంగ మీద కూడా జాలి పడాలని, ఆయన కోసం రోజూ ప్రార్థన చేశాను. ఎంత మంచిదాన్నని అనుకున్నానో.

అక్టోబర్ 15

ఒప్పుకోలు పద్ధతిలో ఫాదర్ మెడలోని పూజవస్త్రం కింద తల పెట్టి చెప్పాను. సిలువల సంగతి, పన్ను సంగతి, అబద్ధం సంగతి. ఆయన చాలాసేపు గడ్డం నిమురుకున్నారు.

"మొన్న తెల్లగుడ్డ ఎందుకు కూరుతున్నావా అనుకున్నానమ్మా," అన్నారు.

"క్షమాపణ ఉందా ఫాదర్?"

"నీ పాపం నా వస్త్రం కింద తల పెట్టి చెప్పుకున్నావు, ఇక్కడే తీరిపోయింది. ఫోటిస్ పేరు నా వస్త్రం కింద లేదు. కాఫీ కొట్టు ముందు పడి ఉంది. దాన్ని అక్కడికే వెళ్ళి ఎత్తాలి."

"మీరు చెప్పకూడదా ఫాదర్?"

"నేను చెబితే ఒప్పుకోలు రహస్యం బయట పెట్టినవాణ్ణవుతాను. నువ్వు చెబితే మామూలు మాట."

నలుగురిలో నేనెప్పుడూ మాట్లాడలేదు. మా అమ్మాయి పెళ్ళిలో కూడా మాట్లాడమంటే వంటింట్లోకి వెళ్ళిపోయాను.

అక్టోబర్ 17

ఆస్పసియా దగ్గరికి వెళ్ళాను. గుమ్మంలో కూర్చుని ఎర్ర మిరపకాయలు దారానికి గుచ్చుతోంది.

"రా వదినా. మొహం ఏంటి అలా ఉంది? క్రిస్మస్ నలభై రోజుల ఉపవాసానికి ఇంకా నెలుందే, ముందే మొదలెట్టావా?"

కూర్చున్నాను. ఎలా మొదలుపెట్టాలో ఇంటి నుంచి నడిచేటప్పుడు వంద రకాలుగా అనుకున్నాను.

"మార్చిలో నువ్వు కడిగింది జీసిస్‌ని కాదు ఆస్పసియా."

సూది ఆగింది. "మరి?"

"స్ట్రాటోస్‌ని. మొన్న నేను కడిగించింది జీసిస్‌ని. వానకి సిలువలు పడితే నేనే అటుదిటు పెట్టాను. పన్ను నా దగ్గరుంది."

ఆమె అరుస్తుందని సిద్ధపడి వచ్చాను. అరవలేదు. మిరపకాయ చేతిలో పట్టుకుని దాన్నే చూస్తూ ఉంది.

"కడిగాక నేను ముద్దు పెట్టుకున్నాను," అంది. "నుదుటి మీద."

"నేనూ పెట్టుకున్నాను."

"మూడేళ్ళు ప్రతి శనివారం వెళ్ళి నా కష్టాలన్నీ నీ మొగుడితో చెప్పుకున్నానన్నమాట." ఉన్నట్టుండి నవ్వొచ్చింది ఆమెకి, మామూలు నవ్వు కాదు, ఊపిరి తప్పినట్టు. "అందుకే ఒక్క దానికీ జవాబు రాలేదు. జీసిస్ అయితే మట్టిలోంచైనా వాదించేవాడు."

తర్వాత ఏడ్చింది. కారం చేత్తో కళ్ళు తుడుచుకుంది, ఇంకా ఏడ్చింది. నీళ్ళు తెచ్చి కడిగాను.

కాస్త తేరుకున్నాక అంది, "పన్ను నాకిచ్చెయ్ వదినా. ఫాదర్‌తో చెప్పి పెట్టెలు మార్చేద్దాం. మూడో కంటికి తెలియనక్కర్లేదు."

"ఫోటిస్ మావ?"

"ఆయన సంగతి ఎత్తకు."

"దొంగని చేశాం కదా."

"నేను చేశాను. నువ్వు కాదు. ఊరందరి ముందూ అన్నాను. ఇప్పుడు ఊరందరి ముందూ తప్పయిందనాలా? ముసలాయన అలవాటు పడిపోయాడు. నేను ఇంకా బతకాలి ఈ ఊళ్ళో."

పన్ను ఇవ్వకుండా వచ్చేశాను. గుమ్మం దాటాక వెనక నుంచి, "మెత్తగా ఉంటావు గానీ నీ అంత మొండిదాన్ని చూళ్ళేదు," అని వినబడింది.

అక్టోబర్ 18

ఆస్పసియా అన్నదీ నిజమే. ఆమె మాటలు పడాలి. ఇద్దరు విధవల్ని రచ్చకీడ్చడం కంటే ఊరుకోవడమే దయేమో.

అక్టోబర్ 19

దయ కాదు, భయం. రాసి చూసుకుంటే తెలుస్తోంది.

అక్టోబర్ 20, శనివారం

రేపు ఊళ్ళో చెప్పేముందు ఫోటిస్‌కి చెప్పాలని వెళ్ళాను. ఆయన ఇల్లు పై చివర, తేనెపెట్టెల దగ్గర. నన్ను చూసి గొడ్డలి పక్కన పెట్టాడు.

"ఏడు నెలలకి దారి గుర్తొచ్చిందా తల్లీ?"

నిలబడే చెప్పాను. కూర్చుంటే చెప్పలేనని తెలుసు. సిలువలు, కొలత, పన్ను, అన్నీ. ఆయన మధ్యలో ఆపలేదు. అయ్యాక మొద్దు మీద కూర్చుని చుట్ట చుట్టుకున్నాడు.

"తెలుసు," అన్నాడు.

నాకు అర్థం కాలేదు.

"మార్చిలో పార తగలగానే తెలిసింది. అంత పొడుగు తొడ ఎముక ఈ ఊళ్ళో మీ ఆయనకి తప్ప ఎవరికుంది? ఆయన్ని దించే రోజు గొయ్యి చాల్లేదని ఇంకో జానెడు తవ్వింది నేనే కదా. సిలువలు నిలబెట్టానని నువ్వు చెప్పిన మాట కూడా అప్పుడే గుర్తొచ్చింది."

"మరి ఎందుకు చెప్పలేదు మావా?"

"తల ఎత్తి చూశాను. నువ్వు పక్క సమాధి దగ్గర మోకాళ్ళ మీద ఉన్నావు. దీపంలో నూనె పోస్తూ ఏదో చెప్పుకుంటున్నావు ఆయనతో. నవ్వుతున్నావు కూడా. ఏమని చెప్పను? అమ్మా, నువ్వు మాట్లాడేది దర్జీతో అని చెప్పనా?"

చుట్ట వెలిగించాడు.

"మర్నాడు నీకొక్కదానికీ మెల్లగా చెబుదామనుకున్నాను. ఆ సాయంత్రమే ఆస్పసియా అరిచింది. ఇక తర్వాత నేనేం చెప్పినా దొంగ చెప్పే సాకే. కాదని రుజువు కావాలంటే మీ ఆయన సమాధి తవ్వి చూపించాలి. నీ కళ్ళ ముందు. అంతకంటే పన్ను మావా అనిపించుకోవడమే తేలికనిపించింది."

నేను ఆయన కాళ్ళ దగ్గర కూర్చుండిపోయాను. ఎదురుపడినప్పుడల్లా నేను తల వంచుకుని పక్కకి తప్పుకున్నాను. ఆయన నాకు దారి ఇచ్చి నిలబడేవాడు. ఎందుకు నిలబడుతున్నాడో తెలియక, సిగ్గు పడుతున్నాడనుకున్నాను.

"రేపు చర్చిలో చెబుతాను," అన్నాను.

"చెప్పు. నీ తప్పు నువ్వు చెప్పుకుంటానంటే కాదనను. కానీ నాకు తెలుసన్నది మాత్రం చెప్పకు."

"అదే చెప్పాలి. అదే అందరికీ తెలియాలి."

"వద్దు. ఆస్పసియా పరాయివాణ్ణి కడుగుతుంటే తెలిసీ చూస్తూ నిలబడ్డానని ఆమెకి తెలిస్తే? ఆమె ఆ రోజు ఎంత ఏడ్చిందో నేను చూశాను. దొంగననుకుని తిట్టింది, అది మరిచిపోతుంది. ఇది మరిచిపోవడం ఆమె వల్ల కాదు. మాటివ్వు."

ఇచ్చాను.

అక్టోబర్ 21, ఆదివారం

పూజ అయ్యాక, గోధుమ ప్రసాదం పంచే ముందు, ఫాదర్ నా వైపు చూసి పక్కకి జరిగారు. ముందుకు వెళ్ళి నిలబడి చెప్పాను. మొత్తం చెప్పేశాను అనుకున్నాను. మగవాళ్ళ వైపు నుంచి ఎవరో అన్నారు, "అమ్మా, ఇక్కడికేం వినబడలేదు."

మళ్ళీ మొదటి నుంచి చెప్పాల్సి వచ్చింది. గట్టిగా. నా గొంతు అంత పెద్దదని నాకే తెలియదు. "ఫోటిస్ మావ ఏమీ తీయలేదు. పన్ను ఇదిగో," అని గుడ్డ విప్పి చూపించాను.

కొందీలో పెద్దమ్మ సిలువ గుర్తు వేసుకుంది. అప్పుడు ఆడవాళ్ళ వరసలోంచి ఆస్పసియా లేచింది. తల మీది నల్లగుడ్డ సర్దుకుంది.

"సిలువలు మార్చింది ఈమె. అరిచింది నేను," అంది. "నవ్వింది మీరంతా. ఎవరి వాటా వాళ్ళు పట్టుకుని రండి, పోదాం."

ముందు ఆమే నడిచింది. చాలామంది వెంట వచ్చారు, అందరూ కాదు. కాఫీ కొట్టు అతను కుర్చీ భుజాన పెట్టుకుని కొండెక్కాడు.

ఫోటిస్ తేనెపెట్టెల దగ్గరున్నాడు. అంతమందిని చూసి లేచి నిలబడ్డాడు. ఆస్పసియా ఎదురుగా వెళ్ళి ఆగింది. ఆమెకి మాట రాకపోవడం ఊళ్ళో ఎవరూ చూసి ఉండరు.

"దొరికిందా పన్ను?" అన్నాడాయన.

"దొరికింది."

"మంచిది."

అక్టోబర్ 23

ఎముకలు మార్చాం. ఫోటిస్ తాళాలు తీశాడు. స్ట్రాటోస్ కోసం చేసిన పెట్టెలోకి స్ట్రాటోస్‌ని దించాను. రెండు వేళ్ళు మిగిలింది. జీసిస్ అటక మీది పెట్టెలోకి వెళ్ళాడు, ఆయనకీ రెండు వేళ్ళు.

నాకు ఏడుపు వస్తుందనుకున్నాను. రాలేదు. ఆయన్ని మొదటిసారి చూస్తున్నట్టుంది. నా ఏడుపంతా పక్క సమాధి మీద పోసి వచ్చాను కదా. ఇప్పటినుంచి మళ్ళీ మొదలుపెట్టాలి.

అక్టోబర్ 26, శుక్రవారం

ఆస్పసియా వచ్చింది, మిరపకాయల దండ తెచ్చింది. కాఫీ తాగుతూ ఉన్నట్టుండి అడిగింది.

"వదినా, ఒకటి అడుగుతాను. గోతులు రెండూ తవ్వింది ఫోటిసే. పైకి తీసిందీ అతనే. అంత పొడుగు ఎముక చేతిలోకి వస్తే అతనికి తెలియలేదంటావా?"

ఆమె కళ్ళలోకి చూశాను.

"తెలియలేదు," అన్నాను. "చీకటి గొయ్యి, ముసలి కళ్ళు. నేను అడిగాను. తెలియదన్నాడు."

"అంతేలే," అంది. కప్పు పక్కన పెట్టి, నిమ్మళంగా వెనక్కి వాలింది. "తెలిస్తే నన్ను అలా చూస్తూ ఊరుకునేవాడు కాదు."

నేను గిన్నెలు కడగడానికి లేచాను.

ఆదివారం ఒప్పుకోలుకి వెళతాను. కోపం చెబుతాను, బద్ధకం చెబుతాను. ఇది చెప్పను. క్షమించమని అడగడానికి నాకు ఇది తప్పనిపించడం లేదు, అదే నన్ను భయపెడుతోంది.

కానీ ఫోటిస్ మావ చేసింది ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి. ఇక్కడ తప్ప ఇంకెక్కడా లేదు. నా తర్వాత ఈ పుస్తకం ఎవరి చేతిలో పడితే వాళ్ళు ముందు వైపు అంకెలు కావాలంటే వాడుకోండి. ఈ వెనక పేజీలు చింపకండి, కాల్చకండి. ఎవరికీ చదివి వినిపించకండి. దాచి ఉంచండి, అంతే.